అయిదో భాగం

నాది తలుపుల సామాను కొట్టు. తాళాలు, గొళ్ళాలు, మడతబందులు, పిడులు, మేకులు. ముప్ఫై రెండేళ్ళుగా అదే పని. మనిషి మెట్టెక్కుతుండగానే కొనడానికి వచ్చాడో, ధర కనుక్కుని పక్క కొట్టుకి పోవడానికి వచ్చాడో చెప్పేస్తాను. ఇంత తెలిసిన నేను ఒక్క బేరంలో కోలుకోలేనంత నష్టపోయాను. ఆ బేరంలో నేను వదులుకున్న సరుకు నాది కూడా కాదు, మా అక్కది. ఒక నవలలో అయిదోవంతు.

అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. బావ పోయాక మా ఇంటికి వచ్చేసింది. దర్జీ షాపులకి చేత్తో కాజాలు కుట్టేది. రోజుకి పదిహేను చొక్కాలు, చొక్కాకి ఏడు కాజాలు. వీధిలో అందరికీ కాజాలక్క. నన్ను మాత్రం గొళ్ళెం అనేవాళ్ళు. ఎవరేం మాట్లాడుతున్నా చివరికి ఒక్క మాటతో బిగించేస్తానట. కొట్టు పెట్టిన మొదటి రెండేళ్ళు, నేను సరుకు కోసం తిరుగుతుంటే కొట్లో కూర్చున్నది అక్కే. ఒళ్ళో చొక్కా, చేతిలో సూది. గిరాకీ వస్తే సూది చొక్కాకే గుచ్చి లేచేది. ఆమె చదువుతుందన్న సంగతి నాకు తెలుసు గానీ అదొక అలవాటనుకున్నాను, కొందరికి వక్కపొడిలాగ.

ఆ నవల అక్కకి పాత కాగితాల కొట్టులో దొరికింది. ఎర్ర అట్ట, వెయ్యీ ఎనభై పేజీలు. కొట్టువాడు దాన్ని తక్కెట్లో పెట్టి తూకానికి ఇచ్చాడు. నవలని బరువు చూసి కొన్న మనిషి ఈ లోకంలో మా అక్క ఒక్కతే అయ్యుంటుందని నేను కొన్నాళ్ళు వేళాకోళం చేశాను. ఒక రేవులో తరతరాలుగా పడవలు నడిపే కుటుంబం కథ అది. ఇద్దరు అన్నదమ్ములు, ఒక నావ, ఎటో వెళ్ళిపోయిన ఒక ఆడపిల్ల. అక్క ఇరవై పేజీలు చదివి, ఆ ఇరవై పేజీలూ ఇస్త్రీ వదినకి చెప్పింది. ఇస్త్రీ వదిన అంటే మా ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. వారం తిరిగేసరికి పుస్తకం కోసం నలుగురు తయారయ్యారు. వదిన, గడియారాలు బాగుచేసే బాబాయి, మేడ మీద అద్దెకుండే నర్సు, టైపు నేర్పే టీచరు. చివర అక్క, పుస్తకం సొంతదారు.

అక్కడే నా బుర్ర పనిచేసింది. ఒక్కొక్కరికీ మూడు నెలలు పట్టినా చివరి మనిషి చేతికి ఏడాదికి వస్తుంది. అదే పుస్తకాన్ని అయిదు ముక్కలు చేస్తే? ఒకరు మొదటి భాగం ముగించి పక్కవాళ్ళకిచ్చి తను రెండోది అందుకుంటారు. సరుకు ఎక్కడా ఆగదు. చివరి మనిషి కూడా మూడో నెలలోనే మొదలుపెట్టొచ్చు.

అక్క పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. "కసాయివాడిలా కోస్తావట్రా దీన్ని?"

"కోడిని కోస్తే చస్తుంది. దీన్ని కోస్తే నలుగురికి చేరుతుంది," అన్నాను.

ఆ మాట మీద అక్క నవ్వి పుస్తకం వదిలింది. నవ్వించి ఒప్పించడం వ్యాపారంలో పాత విద్య. అట్టలు కత్తిరించే బ్లేడుతో ఒక ఆదివారం మధ్యాహ్నం కోశాను. ఒక్కో భాగం రెండు వందల పదహారు పేజీలు. మేకుల డబ్బాల అట్టలు పైనా కిందా పెడితే, అక్క కాజాల దారంతో కుట్టింది. కోసింది నేను, కుట్టింది ఆమె. మా ఇద్దరి చేతుల్లో ఏది మంచిదో అప్పుడే తెలిసి ఉండాల్సింది.

వరస కూడా నేనే వేశాను. ముందు బయటివాళ్ళు, చివర అక్క. తను అడగబోతే, "నీ పుస్తకం నీ ఇంట్లోదే. సొంత సరుకు ఎక్కడికి పోతుంది? చివర తీరిగ్గా చదువుకో," అన్నాను. ప్రతి భాగం వెనక అట్ట లోపల అయిదు పేర్లు వరసగా రాసింది అక్క. చదివినవాళ్ళు తమ పేరు పక్కన ఒక గీత గీయాలి. ముందు పేరుకి గీత పడితేనే తర్వాతి వాళ్ళు తీసుకోవాలి. ఇచ్చిపుచ్చుకోవడం అంతా నా కొట్టు బల్ల మీదే. ఇంకో నియమం, ముందు చదివినవాళ్ళు వెనకవాళ్ళకి కథ చెప్పకూడదు. గడియారాల బాబాయి ఒకసారి కొట్టు ముందు నిలబడి, ఆ నావ తగలబడినప్పుడు తనకి ఏడుపొచ్చిందని మొదలుపెట్టాడు. లోపల గిరాకీకి గొళ్ళెం చూపిస్తున్న అక్క తలెత్తకుండానే అంది, "బాబాయ్, మీ గడియారం ముందుకి పోతోంది. కాస్త వెనక్కి తిప్పుకోండి."

ఆర్నెల్లు వీధంతా ఆ రేవులోనే బతికింది. ఇస్త్రీ వదిన ఒక చొక్కా కాలర్ మాడ్చింది. నర్సు బస్సు దిగాల్సిన చోట దిగడం మరిచిపోయింది. ఈ పద్ధతి నాదని నేను అందరికీ చెప్పుకున్నాను.

టైపు టీచరు అయిదో భాగం ముగించి, గీత గీసి, కొట్లో ఇచ్చి వెళ్ళేనాటికి అక్క నాలుగో భాగం చివర్లో ఉంది. ఇంకో ముప్ఫై పేజీలు. అయిదోది బల్ల మీదే ఉంది, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్దామని.

ఆ పూటే కాంట్రాక్టరు గారి భార్య వచ్చింది. నలభై గదుల హాస్టలు కడుతున్నారు. ప్రతి గదికీ తాళం, రెండు గొళ్ళాలు, పిడి. అంత పెద్ద ఆర్డరు మా కొట్టు గడప తొక్కడం అదే మొదలు. నేను నిలబడి చూపిస్తున్నాను, ఆవిడ కూర్చుని చూస్తోంది. పిడులు చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు పుస్తకం మీద పడ్డాయి. టైపు టీచరు దగ్గర వాళ్ళమ్మాయి నేర్చుకుంటోందట. ఆ నవల గురించి ఇంట్లో ఒకటే చెబుతోందట. "ఇదేనా అది? ఇటివ్వండి, వారంలో పంపిస్తాను," అంది.

అది చివరి భాగమనీ, మా అక్క దాని కోసమే కూర్చుని ఉందనీ చెప్పడానికి పది మాటలు చాలు. నేను చెప్పలేదు. పిడుల రకం ఇంకా తేలలేదు. వారం అంటే వారమే కదా, అక్కకి ఎలాగూ నాలుగోదే నాలుగు రోజులు పడుతుంది, మిగిలింది మూడు రోజులు అని లెక్క వేసుకున్నాను. పాత పేపరులో చుట్టి, పురికొసతో కట్టి, రెండు చేతులా ఇచ్చాను. ఆర్డరు నాకే వచ్చింది.

అక్క మూడుసార్లు అడిగింది. మొదటిసారి వారం అన్నాను. రెండోసారి, పెద్ద గిరాకీ, అడిగితే ముఖం చిట్లించుకుంటారు, రెండో అంతస్తు ఆర్డరు కూడా ఉంది అన్నాను. అది నిజమే. మూడోసారికి హాస్టలు పూర్తయింది, కాంట్రాక్టరు కుటుంబం వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు వాళ్ళు వెళ్ళిన నెలకి తెలిసింది. అక్క అడిగినప్పుడు నేను సరుకు దింపిస్తున్నాను. చెమట, చిరాకు. నా తప్పు నాకు తెలిసిన చిరాకు అది, అన్నిటికన్నా చెడ్డది.

"చివర ఏముంటుందక్కా? పెళ్ళో, చావో. రెండూ చూసినదానివేగా," అన్నాను.

అక్క ఒళ్ళో చొక్కా సర్దుకుని సూదిలో దారం ఎక్కించింది. ఒకసారి తప్పింది, మళ్ళీ ఎక్కించింది. ఇక ఆ నవల మాట ఎత్తలేదు. నేను కూడా ఒకటి రెండు పుస్తకాల షాపుల్లో అడిగాను. ఇప్పుడు అచ్చులో లేదన్నారు. అడిగాను కదా అని నా మనసుకి చెప్పుకున్నాను. గొళ్ళెం పడిపోయింది.

పదకొండేళ్ళు గడిచాయి. ఈలోగా బాబాయి పోయాడు, నర్సు బదిలీ అయింది. దర్జీ షాపుల్లోకి కాజాల మిషన్లు వచ్చాయి. అక్క కళ్ళు కూడా అప్పటికే మసకబారాయి. కంటి నడిమి చూపు పోయిందనీ, పక్క చూపుతో నడవగలదు గానీ అక్షరం చదవలేదనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకి లొంగేది కాదట. అక్క అంత బాధపడినట్టు కనబడలేదు. "కాజాలకే ఖర్చయిపోయాయిరా," అంది.

ఇంటికి సున్నాలు వేయిస్తూ సామాను బయట పెడుతుంటే అక్క పెట్టెలో నవల నాలుగు భాగాలూ కనబడ్డాయి. ఒక్కొక్కటే దులిపాను. నాలుగోదాంట్లో, చివర ముప్ఫై పేజీలు ఉందనగా, ఒక నీలం దారప్పోగు. కాజాల దారం. వెనక అట్ట తీసి చూశాను. నాలుగు పేర్లకీ గీతలున్నాయి. అక్క పేరుకి లేదు.

మా ఆవిడని అడిగాను, ఈ ముప్ఫై పేజీలు అక్క ఎందుకు చదవలేదని.

మా ఆవిడ నా వంక చూసింది. "చదివేస్తే చదవడానికి ఏం మిగులుతుంది? అయిదోది వస్తే దీంతో కలిపి చదువుతానని దాచుకుంది. అప్పట్లోనే చెప్పింది నాకు. మీకు చెబితే ఆర్డరు సంగతి ఎత్తుతారని ఊరుకున్నాను."

మూడో రోజున బస్సెక్కాను. కాంట్రాక్టరు పోయాడని, ఆవిడ కూతురి దగ్గర ఉంటోందని తెలుసుకుని, రెండు చోట్ల వాకబు చేసి, మూడో అంతస్తులో ఆ ఇల్లు పట్టుకున్నాను. ఆవిడ నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పుస్తకం గుర్తుకు రావడానికి అంత సేపు పట్టలేదు. బాల్కనీలో అటక మీంచి తీసి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది.

పాత పేపరు పసుపురంగుకి తిరిగింది. పురికొస అలాగే ఉంది. ముడి నాది. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపే ముడి. నేను తప్ప మా బజారులో ఎవరూ అలా వేయరు. ఆ ముడి ఎవరూ విప్పలేదు.

"ముందు నాలుగూ లేకుండా ఇదేం చదవనండీ?" అంది ఆవిడ. "ఇది అయిదో భాగమని ఇంటికి వెళ్ళాక మా అమ్మాయి చెప్పింది. మిగతావి అడుగుదామనుకున్నా. మీరూ మళ్ళీ అడగలేదు కదా, మీకు అక్కర్లేదేమో అనుకున్నా."

నేను అడగకూడదని ఊరుకున్నాను, ఆవిడ నేను అడగలేదని ఊరుకుంది. కొన్నవాళ్ళకి పనికిరాని సరుకు, ఇచ్చినవాళ్ళింట్లో ప్రాణం. ఇలాంటి బేరం ఏ మూర్ఖుడూ చేయడు. టీ తాగి వెళ్ళమంది. తాగాను. లేచి వచ్చేస్తుంటే, ఎప్పుడైనా అయిదూ కలిపి ఇస్తారా, నాకిప్పుడు పొద్దుపోవడం లేదు అని అడిగింది. మా అక్క చదివాక ఇస్తానన్నాను.

పొట్లం అక్క చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమి, ముడి దగ్గర ఆగింది. ముడి ఎవరిదో ఆమెకీ తెలుసు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, "చదివి పెడతావా?" అంది.

నీలం దారం దగ్గర్నుంచి మొదలుపెడతానన్నాను.

"వద్దు. పదకొండేళ్ళయింది. మనుషులంతా చెదిరిపోయారు. మొదటి నుంచీ చదువు."

కొట్టు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకూ మూస్తాను. భోజనం పోగా ముప్పావు గంట. ముప్పావు గంటకి పది పేజీలు. అంటే నూట ఎనిమిది రోజులు. సరే అన్నాను. నేను చదివితే ధరల పట్టీ చదివినట్టే ఉంటుంది. కామా దగ్గర ఆగను, చుక్క దగ్గర ఆగను, ఊపిరి అయిపోయిన చోట ఆగుతాను. అక్క గోడకి ఆనుకుని, తల కొంచెం పక్కకి తిప్పి వినేది. మొదటి భాగం అలా గడిచింది. చెప్పొద్దూ, నాకు ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడు నచ్చాడు, గట్టి బేరగాడు.

రెండో భాగంలో వర్ణనలు ఎక్కువ. నది ఎలా ఉంది, ఇసుక ఎలా ఉంది. పెళ్ళిళ్ళ రోజులు, కొట్లో గిరాకీ జోరుగా ఉంది, నాలుగింటికి ముందే జనం షట్టరు కొడుతున్నారు. ఒకరోజు నది గురించిన పేజీ ఒకటి దాటేశాను. అక్క కదలలేదు. మర్నాడు రెండు. తర్వాత రోజూ కొన్ని. గుడ్డివాళ్ళ దగ్గర తూకం తప్పు చూపేవాణ్ణి ఏమంటారో నాకు తెలుసు, ఆ మాట నా మీద నేను వేసుకోలేదు.

మూడో భాగంలో వంద పేజీలు అయ్యాక అక్క చెయ్యెత్తి ఆపింది.

"ఒరేయ్, ఆ నావ తగలబడాలి కదా. ఇంకా ఎందుకు తగలబడలేదు?"

నేను పేజీ మధ్యలో వేలు పెట్టి పుస్తకం మూశాను.

"అందరూ అప్పుడే నావ లేకుండా తిరిగేస్తున్నారు. బాబాయి ఏడ్చాడు కదా ఆ నావ కోసం. ఏం చేశావు దాన్ని?"

పేజీలు దాటేశానని ఒప్పుకున్నాను. ఏవేవో చెప్పమంది. గుర్తు లేదన్నాను. అక్క కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మింగేసిన పేజీలు కక్కమంటే కక్కలేవు కదా. రెండో భాగం మొదటి నుంచీ చదువు. ఈసారి నది కూడా చదువు," అంది.

చదివాను. రెండోసారి చదువుతుంటే ఏవి కొత్తవో తెలిసిపోయింది. నేను మింగినవి అరవై పేజీలు. వాటిలోనే ఉంది నావ. పెద్దవాడు తన చేత్తోనే నిప్పు పెట్టాడు, తమ్ముడు అమ్ముకోకుండా. ఆ పేజీ చదువుతుంటే నా గొంతు ఆగింది, ఊపిరి అయిపోకుండానే. అక్క గోడ వైపే చూస్తూ, "అది, అక్కడ ఆగాలి," అంది.

ఆ తర్వాత నేను ఏ పేజీ దాటలేదు. మూడో భాగం, నాలుగో భాగం. నీలం దారం వచ్చినప్పుడు చెప్పాను. ఆ పోగు తీసి వేలికి చుట్టుకుంది. చివరి ముప్ఫై పేజీలు మూడు రోజులు. శనివారం మధ్యాహ్నం నాలుగో భాగం ముగిసింది. పెన్ను ఇచ్చి, చెయ్యి పట్టుకుని చోటు చూపిస్తే తన పేరు పక్కన గీత గీసింది, కొంచెం వంకరగా.

అయిదోది ఇప్పుడే మొదలుపెడదామా అన్నాను. నాకే ఆత్రంగా ఉంది.

"నాలుగవుతోంది, నీ గిరాకీ పోతుంది. రేపు సెలవే కదా. పొట్లం నువ్వు విప్పకు, నేను విప్పుతా," అంది.

ఆదివారం పొద్దున ఎంతసేపటికీ లేవకపోతే మా ఆవిడ వెళ్ళి చూసింది. నిద్రలోనే పోయింది. నీలం దారం వేలికి అలాగే ఉంది. పొట్లం తలగడ పక్కన ఉంది.

లెక్కలు చూసుకోవడం నాకు అలవాటు. చూసుకోకుండా ఉండలేకపోయాను. వెనక్కి వెళ్ళి చదివిన మూడు వందల పదహారులో ఆ అరవై తీసేస్తే, చదివినవే మళ్ళీ చదివింది రెండు వందల యాభై ఆరు పేజీలు. దానికి పట్టింది ఇరవై అయిదు రోజుల పైన. అయిదో భాగానికి కావలసింది ఇరవై రెండు. ఎన్ని రకాలుగా వేసినా అంతే వచ్చింది.

నెల పోయాక కాంట్రాక్టరు గారి భార్యకి కబురు చేశాను. ఆవిడ మా ఊరే వచ్చి, కొట్లో అదే కుర్చీలో కూర్చుంది. నాలుగు భాగాలూ ఇచ్చాను. అయిదోది ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆవిడ అడగలేదు. ఈ పాటికి ఆవిడకీ కొంత అర్థమై ఉంటుంది. అవి ముగించి మళ్ళీ వచ్చినప్పుడు, నా ముడి నేనే విప్పి ఇచ్చాను. పొట్లం కట్టలేదు.

ఇరవై రోజులకి తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనక అట్ట తెరిచి, తన పేరు ఎక్కడ రాయాలని అడిగింది. నాలుగు గీతలు, అయిదో పేరు పక్కన ఖాళీ. ఆ కింద రాయండి అన్నాను. పెన్ను పట్టుకుని ఆవిడ కాసేపు ఆ ఖాళీ వైపు చూసింది. రాసి, గీత గీసింది.

"ఇది మీ అక్కగారు చదవాల్సిందండీ," అంది.

చదివినవాళ్ళు చెప్పకూడదన్న నియమం నాకు తెలుసు. అయినా అడిగాను. "చివర ఏమవుతుందండీ? పెళ్ళా, చావా?"

ఆవిడ ఆలోచించింది. తప్పు చెప్పకూడదన్నట్టు బాగా ఆలోచించింది.

"రెండూ కాదండీ," అంది.

అయిదు భాగాలూ ఇప్పుడు కొట్లో, తాళాల అర పక్కన ఉన్నాయి. ఎవరైనా అడిగితే అయిదూ ఒకేసారి ఇస్తాను, ఎన్నాళ్ళయినా ఉంచుకోమంటాను. నేను మాత్రం అయిదోది తెరవలేదు. నా వంతు అక్క తర్వాత.